మా రోజుల్లో విష్ణుపురం ఇంత చిన్న ఊరు కాదు

బెంగాల్లో ఉన్న విష్ణుపురం ఒక పూటలో చూసి వచ్చే ఊరు కాదు. నోటితో ఎంతమందికి చెప్పినా చెవిన పెట్టడం లేదు కనక రాసి పెడుతున్నాను.

చలికాలం వచ్చిందంటే హౌరా పక్కన మా సంత్రాగాఛి స్టేషన్లో తెల్లవారకుండానే కుర్రకారు గుమిగూడుతుంది. పురూలియా వెళ్లే రూపసీ బంగ్లా ఎక్స్‌ప్రెస్ ఎక్కి, పొద్దెక్కేసరికి విష్ణుపురంలో దిగి, సాయంత్రం బండికి తిరుగుముఖం పడతారు. మా వీధిలో తెలుగువాళ్ల పిల్లలూ అంతే. "ఏం చూశారర్రా?" అని అడిగితే "అన్నీ చూసేశాం తాతయ్యా, డజను గుళ్లు, ఒక ఫిరంగి" అని లెక్క అప్పజెబుతారు. ఆ గుళ్లలో ఏ ఒక్కదాని గోడ మీద ఏముందో చెప్పమంటే ఫోను తీస్తారు. ఫోనులో వాళ్లే ఉంటారు. గోడ వాళ్ల భుజం వెనక ఎక్కడో మసగ్గా ఉంటుంది. మూడువందల డెబ్బై ఏళ్ల గోడ!

నాకు కడుపు మండేది ఇక్కడే. ఊరు దగ్గరైంది, బండ్లు పెరిగాయి, టికెట్టు అరచేతిలోకి వచ్చింది. చూడటం మాత్రం తగ్గిపోయింది.

మేం ఇక్కడికి ఎలా వచ్చామో కొంచెం చెప్పాలి. వాల్తేరు నుంచి కటకం దాకా ఉన్న రైలుమార్గం 1902లో బెంగాల్ నాగపూర్ రైల్వే చేతికొచ్చింది. అప్పటినుంచి శ్రీకాకుళం, విజయనగరం వైపు పల్లెల జనం ఖరగ్‌పూర్‌కీ, చక్రధర్‌పూర్‌కీ, హౌరా వైపుకీ కదిలారు. ఆ రైల్వే కార్మికుల్ని కూడగట్టిన వి.వి. గిరి గారి పేరు చెబితే మా తాతల తరం లేచి నిలబడేది. 1955లో సౌత్ ఈస్టర్న్ రైల్వే వచ్చింది. మా నాన్నగారిది ఖరగ్‌పూర్ వర్క్‌షాపు, నాది సంత్రాగాఛి యార్డు. రైల్వే వాడికి సెంటు భూమి లేకపోయినా చేతిలో పాసు ఉంటుంది. పాసు ఉన్నవాడి ఇంటికి చుట్టాలూ ఉంటారు.

ఊరి నుంచి వచ్చిన చుట్టానికి మొదటి మూడు రోజుల చూపులు ఖాయం. కాళీఘాట్, దక్షిణేశ్వరం, బేలూరు మఠం, విక్టోరియా మెమోరియల్, జూ, మ్యూజియం. చైత్రంలో వస్తే మా పక్కనే రామరాజాతల. అక్కడి రాముడి గుడిలో శ్రీరామనవమికి మొదలైన ఉత్సవం శ్రావణమాసం చివరి ఆదివారం దాకా సాగుతుంది. మనవాళ్లకి అదో వింత, తొమ్మిది రోజుల నవరాత్రుల దగ్గర ఆగిపోయిన వాళ్లం కదా. నాలుగో రోజు కూడా ఉండిపోయిన చుట్టాన్ని మాత్రం విష్ణుపురం తీసుకెళ్లేవాళ్లం. అది అందరికీ దక్కేది కాదు.

అప్పుడు వెళ్లడం ఎలాగంటే, రాత్రి హౌరాలో బయల్దేరే చక్రధర్‌పూర్ ప్యాసింజరు. ఆడవాళ్లు సాయంత్రం నుంచే పులిహోర కలిపి, అరిటాకులు తుడిచి చుట్టి పెట్టేవారు. కంద వేపుడు తప్పనిసరి. సంత్రాగాఛి కందకి బెంగాలంతటా పేరు, గొంతు దురద పెట్టదని. చెక్క బల్లల మీద దుప్పటి పరిచి పిల్లల్ని పడుకోబెట్టి, పెద్దవాళ్లం కూచునే నిద్రపోయేవాళ్లం. ఖరగ్‌పూర్లో బండి చాలాసేపు ఆగేది. అక్కడ దిగి పలకరించే తెలుగువాళ్లు ఏ వేళప్పుడైనా ఉండేవారు. మిద్నాపూర్ దాటాక సాల్ అడవులు, గఢబేతా, ఆపైన విష్ణుపురం. దిగేసరికి ఇంకా మసక చీకటి. స్టేషను కొళాయి దగ్గర మొహాలు కడుక్కుని, మట్టి ముంతల్లో టీ తాగి, సైకిల్ రిక్షాలు మాట్లాడుకునేవాళ్లం. మొదటి ఎండ పడేసరికి రాసమంచం ముందు ఉండాలి. అది మా గార్డు దాదా పెట్టిన నియమం.

ఆయనది బాంకుడా జిల్లా. నాతో పనిచేసిన గార్డు. చదివింది మెట్రిక్, చూసింది మాత్రం జిల్లాలో ఉన్న గుళ్లన్నీ. మమ్మల్ని తెలుగువాళ్లని ఎన్నిసార్లు చెప్పినా మద్రాసీలనే అనేవారు, ఆ రోజుల్లో బెంగాలీలందరికీ మేం మద్రాసీలమే. ఆ ఒక్కటీ తప్పిస్తే ఆయనంత ఓర్పుగా ఊరు చూపించినవాణ్ని నేను మళ్లీ చూడలేదు. "ఒక పూట, ఒక గుడి" అనేవారు. రెండో గుడి పేరెత్తితే ఊరుకునేవారు కాదు. మధ్యాహ్నం దాకా ఒకే గుడి చుట్టూ తిప్పేవారు. చేతిలో సన్నటి వెదురు బెత్తం ఉండేది, దాన్ని గోడకి జానెడు దూరంలో పట్టుకుని చూపించేవారు గానీ గోడకి తగలనిచ్చేవారు కాదు.

అక్కడి గుళ్లు ఎందుకు అలా ఉంటాయో ఆయన చెప్పాకే మాకు తెలిసింది. మనం శ్రీముఖలింగం, సింహాచలం చూసి పెరిగినవాళ్లం. గుడంటే రాయి. బెంగాల్లో నదులు తెచ్చిన ఒండ్రు తప్ప చెక్కడానికి తగిన రాయి చాలాచోట్ల దొరకదు. అందుకని ఇటుక. విష్ణుపురం పరిసరాల్లో దొరికేది చిల్లులు చిల్లులుగా ఉండే ఎర్రటి లేటరైట్ రాయి. దాంతో గోడ లేస్తుంది, సన్నటి పని మాత్రం సాగదు. అందుకే మట్టి పలక మీద బొమ్మ చేసి, బట్టీలో కాల్చి, గోడకి తాపడం చేశారు. ఒక బొమ్మ నాలుగు పలకల మీద పరుచుకుని ఉంటుంది. పచ్చి మట్టి కాలితే కుదించుకుపోతుంది. కుదించుకుపోయాక కూడా ఈ పలకలో మొదలైన చెయ్యి ఆ పలకలో ఉన్న వేళ్లతో కలవాలి. కలిశాయి. సూత్రధరులని అక్కడ ఒక కులం, కర్రా రాయీ మట్టీ బొమ్మా అన్నీ వాళ్ల చేతిలోనే. కట్టించిన రాజుల పేర్లు పిల్లల దగ్గర్నుంచి పెద్దల దాకా చెబుతారు, ఆ చేతులు ఎవరివో ఒక్కరూ అడగరు.

పైకప్పు చూడండి. బెంగాల్లో వాన ఎక్కువ. పూరిళ్ల కప్పుకి వెదురు వంచి వేస్తారు, చూరు రెండు కొసలా కిందికి వంగి ఉంటుంది, నీరు నిలవకుండా జారిపోవడానికి. ఆ పూరింటినే ఇటుకతో కట్టి దేవుణ్ని లోపల పెట్టారు విష్ణుపురాన్ని ఏలిన మల్ల రాజులు. జోడ్ బంగ్లా అంటే అలాంటి ఇళ్లు రెండు పక్కపక్కనే చేర్చి, మీద చిన్న శిఖరం నిలబెట్టిన గుడి. రఘునాథ సింఘ 1655లో కట్టించాడు. అంతకు ముందే, 1643లో, ఆయనే కట్టించిన శ్యామరాయ గుడికి అయిదు శిఖరాలు. రాసమంచం ఇంకా పాతది, 1600 నాటిదంటారు, బీర్ హంబీర్ కట్టించింది. రాస పూర్ణిమకి ఊళ్లో ఉన్న రాధాకృష్ణ విగ్రహాలన్నిటినీ అక్కడికి తెచ్చి జనానికి చూపించేవారు, 1932 దాకా సాగింది ఆ పండగ. శ్యామరాయ, జోడ్ బంగ్లాల సంవత్సరాలు నేను పుస్తకంలోంచి దించడం లేదు. గుడి ముందు శిలాఫలకం మీద మల్ల శకంలో ఉంటుంది, దాదా మా పిల్లల చేత ఆ అంకెకి 694 కలిపించేవారు. జోడ్ బంగ్లా మీద 961. కలపండి. మా అమ్మాయికి చరిత్రలో మార్కులు ఎన్నొచ్చాయో నాకు గుర్తు లేదు, ఈ కూడిక మాత్రం ఇప్పటికీ దానికి నోటికొచ్చు.

ఇక గోడలు. జోడ్ బంగ్లా గోడ అడుగు వరసలు మన మోకాలి ఎత్తున ఉంటాయి. చూడాలంటే వంగాలి, ఇంకా బాగుంటుంది గొంతుక్కూచుంటే. అక్కడ దేవుళ్లు ఉండరు. పొడుగాటి పడవ, దాని ముందు కొస జంతువు మొహంలా మలిచి ఉంటుంది, వరసగా తెడ్లు వేసేవాళ్లు, వాళ్ల పైన తుపాకులు పట్టుకున్న మనుషులు. పక్క పలకలో వేట, పరుగెత్తే జింక, దాని వెనక కుక్క. 17వ శతాబ్దంలో ఆ మట్టి పిసికినవాడు నదిలోనూ అడవిలోనూ కళ్లతో చూసింది అది. తెడ్డు పట్టుకున్న మనిషి బొమ్మ నా బొటనవేలంత ఉంటుంది. ఆ బొటనవేలంత మనిషికి తలపాగా ఉంది, తలపాగాకి మడత ఉంది. దాదా బెత్తం కొస ఆ మడత ముందు ఆగేది. మేం అందరం ఒకరి తర్వాత ఒకరం కూచుని చూసేవాళ్లం, వెనకవాడు తొందరపెట్టేవాడు కాదు.

మా అమ్మకి బెంగాలీ ఒక్క ముక్క రాదు. తెలుగు కూడా చదవడం రాదు. అయినా ఆ గోడలు మా అందరికంటే ముందు ఆవిడే చదివేది. పల్లెలో హరికథలు విని, తోలుబొమ్మలాటలు చూసి, ఇంట్లో పోతన భాగవతం పురాణం చెప్పించుకుని పెరిగిన మనిషి. ఒక పలకలో ముక్కు తెరిచిన పెద్ద పక్షి, ఆ ముక్కుని రెండు చేతులా చీల్చేస్తున్న పిల్లాడు. "బకాసురుడురా, ముక్కు చూడు" అంది అమ్మ. దాదాకి తెలుగు రాదు, అమ్మ ఏమందో పేరుని బట్టి పట్టేసి "హా మా, బకాసుర్!" అని అంత సంతోషపడ్డారు. అక్కడినుంచి ఇద్దరూ పోటీ పడ్డారు. ఆవిడ కాళీయుణ్ని చూపిస్తే ఆయన గోవర్ధనం చూపించేవారు. లంకలో యుద్ధం దగ్గర ఇద్దరూ చాలాసేపు ఆగిపోయారు. జోడ్ బంగ్లాలోనే భీష్ముడు అంపశయ్య మీద ఉంటాడు. అమ్మ అక్కడ చెప్పులు పక్కకి విడిచి చేతులు జోడించింది. అది పూజ జరిగే గుడి కాదు, పూజారి లేడు, హారతి లేదు. చనిపోతున్న పెద్దమనిషి ముందు చెప్పులతో నిలబడకూడదని ఆవిడకి తోచింది, అంతే.

శ్యామరాయ గుడిలో రాసమండలం గురించి ఒక్క మాట. నడుమ రాధాకృష్ణులు, చుట్టూ చెయ్యీ చెయ్యీ పట్టుకుని వలయాలుగా గోపికలు. ప్రతి మొహమూ తిరిగి ఉన్న తీరు వేరు. ఆ గుడికి నాలుగు వైపులా, తోరణాల లోపలా, ఆఖరికి లోగోడల మీదా ఖాళీ జాగా అనేది లేదు. మేం అక్కడ పూట గడిపాక కూడా ఇంకా ఒక పక్క మిగిలిపోయిందని దాదా గొణిగేవారు.

ఇప్పుడు చెప్పండి, దీన్ని పది నిమిషాల్లో ఎలా చూస్తారు?

పోయిన చలికాలం శ్రీకాకుళం నుంచి మా మేనల్లుడు పెళ్లాం పిల్లలతో వచ్చాడు. నా కాళ్లు సహకరించకపోయినా బయల్దేరాను. స్టేషను బయట టోటోవాలాలు చుట్టుముట్టారు. బ్యాటరీ రిక్షాలవి, చప్పుడు లేకుండా పోతాయి. మాతో వచ్చినవాడి దగ్గర అట్టముక్క మీద చూడాల్సిన చోట్ల జాబితా ఉంది. "తిన్ ఘంటాయ్ షొబ్ దేఖియే దేబో" అన్నాడు, మూడు గంటల్లో అన్నీ చూపించేస్తానని. వాణ్ని ఏమనను? వాడికి రోజుకి ఎన్ని చుట్లు తిప్పితే అంత కూలి. మా మేనల్లుడు ఎంతో ముచ్చటపడ్డాడు. రాసమంచం పావుగంట. శ్యామరాయ పది నిమిషాలు, అందులో సగం ఎవరి ఫొటోకి ఎవరు అడ్డొచ్చారన్న గొడవ. జోడ్ బంగ్లా దగ్గర పెళ్లి కాబోయే జంట ఒకటి పెద్ద దీపాలతో, గొడుగులతో ఫొటోలు తీయించుకుంటూ ఉంది. పిల్ల కట్టుకున్నది బాలుచరి చీర. విష్ణుపురం మగ్గాల మీద నేసే ఆ చీర కొంగులో ఉండేది ఇలాంటి గుళ్ల గోడల మీది బొమ్మలే. నేసినవాడు గోడ చూసి నేశాడు. కట్టుకున్న పిల్ల ఆ గోడకి వీపు పెట్టి నిలబడింది.

నేను అడుగు వరస దగ్గర కూచున్నాను. మేనల్లుడి కొడుకు, కాలేజీలో చేరినవాడు, వచ్చి "తాతయ్యా, ఆ చెట్టు కింద నీడలో కూచో, ఇంకో రెండు పాయింట్లు అయిపోగానే వచ్చేస్తాం" అన్నాడు.

"ఇది చూడరా ముందు" అన్నాను.

"చూశాం కదా. ఫొటో కూడా తీశాను."

"ఈ పక్షి ఎవరో చెప్పు."

"నెమలా?"

నెమలి కాదు. ముక్కు చీల్చేస్తున్నాడు ఒకడు, అది నెమలెలా అవుతుంది? వాడి తప్పని అనను. వాడికి కథ ఎవరు చెప్పారు? మేనల్లుడికి తెలుసు, వాడి చిన్నప్పుడు ఈ కథలన్నీ మా అమ్మ ఒళ్లో కూచుని విన్నవే. వాడు టోటో దగ్గర నిలబడి "మావయ్యా, టైమవుతోంది" అని కేకేస్తున్నాడు. నా కోపం పిల్లాడి మీద కాదు, వాడి తండ్రి మీద. మూడేళ్లు కష్టపడి పిల్లాడికి ఇంజనీరింగు సీటు సంపాదించాడు, బకాసురుడి కథ చెప్పడానికి ఒక రాత్రి దొరకలేదు.

ఫొటో తీయడమే పాపమని నేను అనడం లేదు. డేవిడ్ మెకచన్ అని ఒక ఇంగ్లీషాయన ఉండేవాడు. 1950ల చివర శాంతినికేతన్‌కి పంతులుగా వచ్చి, తర్వాత జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పాడు. సెలవు దొరికితే చాలు, బెంగాల్ పల్లెల్లో పడి ఇటుక గుళ్లు వెతికేవాడు. దొరికిన బస్సు ఎక్కేవాడు, లేకపోతే నడిచేవాడు. వేలకొద్దీ ఫొటోలు తీశాడు. ప్రతి గుడీ ఏ తరహా, ఎప్పటిది, ఫలకం మీద ఏముంది అన్నీ రాసుకున్నాడు. 1972 జనవరిలో పోలియో వచ్చి కలకత్తాలోనే పోయాడు, నలభై రెండేళ్లు కూడా నిండలేదు. బెంగాల్ గుళ్ల మీద ఆయన రాసిన పుస్తకాన్ని ఆ ఏడే ఏషియాటిక్ సొసైటీ అచ్చువేసింది. ఆయన ఫొటోల్లో ఉన్న గుళ్లలో కొన్ని తర్వాత కూలిపోయాయి, ఇప్పుడు వాటి జాడ చెప్పేది ఆ ఫొటోలే. కెమెరా అలాంటి మనిషి చేతిలో ఉంటే నేను ఎందుకు కాదంటాను? ఆయన ఫొటోలో ఉండేది గుడి.

పోనీ ఈ తరానికి ఓర్పు లేదా అంటే, ఉంది. నేను రోజూ చూస్తున్నాను. మా స్టేషను పక్కనే సంత్రాగాఛి ఝీల్ ఉంది. చలికాలంలో గుర్రపుడెక్క మేటల మీద ఈల వేసినట్టు కూసే బాతులు వేలల్లో దిగుతాయి, ఉత్తరాది నుంచి ఇంకా రకరకాలవి వస్తాయి. గట్టు మీద కాలేజీ పిల్లలు బారెడు లెన్సులు పట్టుకుని, దోమలు కుడుతున్నా కదలకుండా, ఒక్క సూదితోక బాతు తల ఎత్తడం కోసం గంటలు గంటలు కాచుకుంటారు. ఈకల రంగు చూసి మగదో ఆడదో చెబుతారు, ఏ దేశం నుంచి వచ్చిందో చెబుతారు. వాళ్లని చూస్తే నాకు ముచ్చటేస్తుంది. అదే పిల్లలు ఆదివారం విష్ణుపురం వెళ్లి గుడికి పది నిమిషాలిచ్చి వచ్చేస్తారు. బాతు ఎగిరిపోతుందని భయం, గోడ ఎక్కడికి పోతుందిలే అని ధీమా.

గోడా పోతుంది. అది రాయి కాదు, కాల్చిన మట్టి. శ్రీముఖలింగంలో శిల్పం మీద వెయ్యేళ్ల వాన కురిసినా ముక్కూ చెవీ తెలుస్తాయి. ఇక్కడ ఇటుకకి చవుడు పడుతుంది, పొర పొరగా రాలుతుంది, నాచు ఎక్కుతుంది. దాదా బెత్తం ఆగిన తలపాగా మడత కోసం మొన్న నేను వెతికాను. తల ఉంది, తలపాగా అనుకుంటే అనుకోవచ్చు, మడత లేదు. దాని పక్క పలక మీద ఎవరో తాళంచెవితో తన పేరూ తన పిల్ల పేరూ గీకి వెళ్లాడు. మూడున్నర శతాబ్దాలు నిలిచిన జింక వీపు మీద!

అన్నీ చెడిపోయాయని అంటే అబద్ధమవుతుంది. మా రోజుల్లో ఆ గుళ్ల అరుగుల మీద మేకలు పడుకునేవి, పిల్లలు తోరణాల్లో దాగుడుమూతలాడేవారు, ఆడవాళ్లకి ఊరంతా తిరిగినా వెళ్లడానికి చోటుండేది కాదు, పొద్దున్నుంచి మంచినీళ్లు తాగకుండా బిగబట్టుకునేవారు. ఇప్పుడు కంచెలున్నాయి, పచ్చిక ఉంది, కాపలా ఉంది, మరుగుదొడ్లున్నాయి. అందుకు సంతోషమే. ఇన్ని వసతులు పెట్టింది ఇంకాస్త సేపు నిలబడి చూడమని కదా. వసతి పెరిగేకొద్దీ నిలబడే సేపు తగ్గడమేమిటి?

చూడకపోతే కథలూ పోతాయి. దళమాదళ్ ఫిరంగి దగ్గర మొన్న మా వాళ్లు ఇనుము మీద చెయ్యేసి నిలబడి ఫొటో తీసుకుని కదిలారు. అది ఎందుకుందో వాళ్లకి పట్టలేదు. 1742లో మరాఠా దండు, బెంగాలీలు బర్గీలంటారు, భాస్కర పండితుడి వెంట విష్ణుపురం మీద పడింది. రాజు గోపాల సింఘ గొప్ప భక్తుడు, యుద్ధం మానేసి హరినామం చెయ్యమన్నాడట. ఆ రాత్రి ఊరి దేవుడు మదనమోహనుడే స్వయంగా వచ్చి ఫిరంగి పేల్చి దండుని తరిమేశాడని అక్కడి నమ్మకం. తర్వాత రాజ్యం చితికిపోయి, ఆ వంశపు రాజు చైతన్య సింఘ కలకత్తా వచ్చి, ఆ మదనమోహనుణ్నే గోకుల్ మిత్ర దగ్గర తాకట్టు పెట్టాడనీ, విడిపించుకోలేకపోయాడనీ చెబుతారు. బాగ్‌బజార్లో మిత్ర వారి ఠాకూర్‌బాడీలో ఉన్నది ఆ దేవుడేనని నమ్మిక. మా రోజుల్లో విష్ణుపురం వెళ్లొచ్చిన వారం తిరక్కుండా బాగ్‌బజార్ కూడా వెళ్లేవాళ్లం. విష్ణుపురంలో మదనమోహనుడి 1694 నాటి గుడి చూసి, ఇక్కడ ఆ గుడి దేవుణ్ని చూస్తేనే మా అమ్మకి యాత్ర పూర్తయినట్టు. సంత్రాగాఛి నుంచి బాగ్‌బజార్‌కి విద్యాసాగర్ సేతువు లేని రోజుల్లో హౌరా వంతెన మీదుగా రెండు బస్సులు మారాలి. ఇప్పుడు కారెక్కితే ఎంతసేపు? ఒక్కరూ వెళ్లరు.

అంతకంటే నొప్పి కలిగించింది తిరుగు ప్రయాణం. రూపనారాయణ నది మీద కోలాఘాట్ వంతెన దాటగానే దేవుల్టీ వస్తుంది. ఆ స్టేషనుకి కాస్త దూరంలో సామతాబేర్‌లో శరత్‌బాబు ఇల్లుంది, జీవితం చివరి దశలో చాలా ఏళ్లు ఆయన అక్కడే ఉన్నాడు. మా పెట్టెలో తెలుగు కుటుంబం ఉందంటే దేవుల్టీ దగ్గర ఎవరో ఒకరు కిటికీలోంచి చెయ్యి చూపించేవారు. శ్రీకాకుళంలో కూచుని శరత్ నవలలు తెలుగులో చదివి కన్నీళ్లు పెట్టుకున్న ఆడవాళ్లు ఆ మొండి ప్లాట్‌ఫారాన్ని చూసి దణ్ణం పెట్టడం నేనెరుగుదును. మొన్న నేను చెయ్యి చూపించాను. మేనల్లుడి పెళ్లాం ఒక్కతే తల తిప్పింది, "దేవదాసు రాసినాయనేనా మావయ్యగారూ?" అంది. ఆ పిల్లకి ఆ ఒక్క ముక్క తెలిసినందుకు నా ప్రాణం లేచొచ్చింది. పిల్లలు ఫొటోలు ఎంచుకుంటున్నారు.

కాబట్టి ఈ ఏడు వచ్చే చుట్టాలకి ముందే చెబుతున్నాను. కాళీఘాట్, విక్టోరియా మీ ఇష్టం, నేను రాను. విష్ణుపురం వస్తే మాత్రం నా మాట మీద నడవాలి. మొదటి బండికి వెళ్లి ఆఖరి బండికి రావాలి, కుదిరితే రాత్రి అక్కడే ఉండాలి. ఊళ్లో ఉండే వసతి చాలు. బయల్దేరే ముందు రాత్రి ఇంట్లో దశమ స్కంధం కథలు నేను చెబుతాను, పిల్లలు ఫోన్లు బల్ల మీద పెట్టి వినాలి. అక్కడికి వెళ్లాక పొద్దున్న జోడ్ బంగ్లా, మధ్యాహ్నం భోజనమయ్యాక శ్యామరాయ, అంతే. మిగిలినవాటికి మళ్లీ ఏడు రావచ్చు. తీరిక ఉంటే దశావతార పేక ముక్కలు తయారుచేసే ఫౌజ్‌దార్ల ఇంట్లో ఆ ముక్కలు చూడవచ్చు, గుడ్డ పొరలకి చింతగింజల జిగురు పూసి, గుండ్రంగా కోసి, చేత్తో రంగులు వేసేవి. కట్టకి 120, అందులో బుద్ధుడి చోట మన జగన్నాథుడుంటాడు. టోటోవాడికి రోజు కూలి మొత్తం నేనిస్తాను, వాడు చెట్టు కింద నిద్రపోవచ్చు.

ఫొటోలు సాయంత్రం వెలుగు తగ్గాక తీసుకోండి, ఎన్నయినా తీసుకోండి. దానికి ముందు ఒక్క పని. జోడ్ బంగ్లాలో భీష్ముడు ఏ గోడ మీద, ఎన్నో వరసలో ఉన్నాడో మీ అంతట మీరు వెతికి వచ్చి నాకు చెప్పాలి. నేను చెప్పను, టోటోవాణ్ని అడగడానికి లేదు, ఫోనులో వెతకడానికి లేదు.